సీవై అక్వేరీ: 88 నిమిషాల నక్షత్రం నుంచి డాబా మీద కూర్చొని ఎంత లెక్క తీయొచ్చు?

మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదివే తమ్ముడు ఒకతను అడిగిన ప్రశ్న ఇది, కుదించి చెప్తున్నా. కుంభ రాశిలో సీవై అక్వేరీ అనే నక్షత్రాన్ని ఆరు అంగుళాల టెలిస్కోప్‌కి డీఎస్‌ఎల్‌ఆర్ తగిలించి రెండు రాత్రులు ఫొటోలు తీశాడట. గంటన్నర లోపే వెలుగు పెరిగి తగ్గుతోంది. "ఇది ఒకదాన్ని ఒకటి కప్పుకునే జంట నక్షత్రం కాదని ఎట్లా చెప్పాలి? నా ఫొటోల నుంచి దీని బరువు, సైజు, వేడి, దూరం తెలుస్తాయా, లేక ఇదంతా పెద్ద అబ్జర్వేటరీల పనా? సమయానికి ఫోన్ గడియారం సరిపోతుందా?"

తమ్మీ, డిగ్రీ పిల్లగాడినని నువ్వే రాశావు కాబట్టి చనువుగా నువ్వనే అంటున్నా. ముందు సూటిగా జవాబు: పీరియడ్, అంటే ఒక వెలుగు శిఖరం నుంచి ఇంకో శిఖరానికి పట్టే సమయం, నీ చేతిలో ఉన్న సామానుతోనే సెకనులో చిన్న వంతు వరకు వస్తుంది. దాని నుంచి సగటు సాంద్రత నేరుగా వస్తుంది. వ్యాసార్ధం, కాంతి, దూరం కొంచెం అరువు సమాచారంతో వస్తాయి. ద్రవ్యరాశి మాత్రం రాదు, ఎవరైనా వస్తుందని చెప్తే నమ్మకు. నేను నల్లగొండలో పానగల్ వైపు ఇంటి డాబా మీద నుంచి ఏళ్ల తరబడి ఇలాంటివే చూస్తున్నా, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓర్చుకో.

జంట నక్షత్రమా కాదా అన్నది తేలిక, అది మొదట తేల్చేద్దాం. మామూలు నక్షత్రాలు రెండు ఒకదానికొకటి అతుక్కుని తిరిగినా సరే, చుట్టు తిరగడానికి దాదాపు ఐదు గంటలకు తక్కువ పట్టడం చాలా అరుదు. 88 నిమిషాల్లో తిరగాలంటే అవి ఒకదాంట్లో ఒకటి దూరిపోవాలి. రెండోది, నీ గ్రాఫ్ ఆకారం చూడు. పైకి ఎక్కడం చకచకా, దిగడం నింపాదిగా, రంపం పన్ను లాగా ఉంటుంది. కప్పుకునే జంటల్లో దిగడం ఎంతసేపో ఎక్కడం అంతసేపే. మూడోది రంగు. కెమెరాలో ఆకుపచ్చ, నీలం ఛానెళ్లు విడివిడిగా కొలిచి చూడు, వెలుగు శిఖరం మీద ఉన్నప్పుడు నక్షత్రం మరింత నీలంగా, అంటే వేడిగా ఉంటుంది. ఇది ఉబ్బి తగ్గే నక్షత్రమే. జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కూనో హాఫ్‌మైస్టర్ 1934లో దీన్ని కనిపెట్టాడు.

నక్షత్రం ఎక్కడుందో ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తా. కుంభ రాశిలో కుండ ఆకారం కట్టే నాలుగు చుక్కలున్నాయి కదా, అందులో ఈటా అనే చుక్కకు ఉత్తరంగా రెండు డిగ్రీల లోపే. మన దగ్గర నుంచి చూస్తే దక్షిణం వైపు 74 డిగ్రీల ఎత్తు వరకు ఎక్కుతుంది, దాదాపు నడినెత్తికి దగ్గర. అక్టోబర్ నడుమ రాత్రి 9 ప్రాంతంలో ఆ ఎత్తులో ఉంటుంది. వానలు వెనక్కి తగ్గి, ఆకాశం కడిగినట్టు ఉండే ఆ నెలన్నరే దీనికి సీజన్, ఆ తర్వాత వరి కోతల దుమ్ము, గడ్డి కాల్చిన పొగ మొదలవుతాయి. వెలుగు 10.4 నుంచి 11.2 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె పెరిగేకొద్దీ మసక) మధ్య తిరుగుతుంది, అంటే మామూలు కంటికి ఆనే చివరి చుక్క కంటే ఇంకో వంద రెట్లు మసక. అయినా ఎనిమిది అంగుళాల టెలిస్కోప్‌లో కంటితోనే మార్పు పట్టుకోవచ్చు. నేను మొదటిసారి చూసినప్పుడు పక్కనున్న చుక్క కంటే తక్కువగా ఉంది, కిందికి దిగి టీ పెట్టుకొని గ్లాసుతో పైకి వచ్చేసరికి దాన్ని దాటేసింది. నక్షత్రాలు మారతాయని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, టీ చల్లారే లోపు ఒకటి మారడం చూస్తే వేరే.

ఇక అసలు సంగతి, పీరియడ్. దీని పీరియడ్ 0.061038 రోజులు, అంటే 87 నిమిషాల 54 సెకన్లు. ఒక్క రాత్రి మూడు శిఖరాలు దొరికితే నీకు ఇరవై సెకన్ల అటూఇటూగా తెలుస్తుంది. దాన్ని మెరుగు చేయడానికి ప్రతి రాత్రీ మేలుకోనక్కర్లేదు, లెక్క తప్పకుండా దూరం దూరం పోవాలి. ఇవాళ చూసి రేపు చూడు, మధ్యలో 16 చక్రాలు గడుస్తాయి, నీ తప్పు ఇరవై సెకన్లే కాబట్టి 16 చక్రాలకు కలిపినా ఐదారు నిమిషాలు, ఏ శిఖరం ఎన్నోదో గందరగోళం ఉండదు. ఇప్పుడు తప్పు రెండు మూడు సెకన్లకు దిగింది. వారం ఆగి ఇంకో రాత్రి. అప్పుడు అర సెకను లోపు. తర్వాత రెండు నెలలు ఆగినా ఫరవాలేదు. మధ్యలో వెయ్యి చక్రాలు పోయినా ఒక్కటి కూడా తప్పకుండా లెక్కపెట్టగలవు. తొందరపడి మొదటి రాత్రి నుంచి నేరుగా రెండు నెలలకు దూకితే మాత్రం 999 చక్రాలా, 1000 చక్రాలా అని జుట్టు పీక్కోవాలి.

ఇక్కడే నేను బొక్కబోర్లా పడ్డా, నువ్వు పడకు. ఒక సంవత్సరం అక్టోబర్ నడుమ, మళ్లీ డిసెంబర్ నడుమ చూసి లెక్కేస్తే పీరియడ్ చక్రానికి దాదాపు అర సెకను ఎక్కువ వచ్చింది. నక్షత్రం మారిపోతోంది, నేనే కనిపెట్టేశా అని రెండు రోజులు నిద్ర లేదు. ఒక పాత విద్యార్థికి ఫోన్ చేసి గొప్పగా చెప్తే, "సార్, భూమి తిరగడం కలిపారా?" అన్నాడు. కలపలేదు! సెప్టెంబర్ మొదట్లో భూమి ఈ నక్షత్రం వైపున ఉంటుంది, వెలుగు మనకు ముందే అందుతుంది. నెలలు గడిచేకొద్దీ మనం దూరం జరుగుతాం, వెలుగు ఆలస్యంగా వస్తుంది. అక్టోబర్ నడుమ నుంచి డిసెంబర్ నడుమకు ఆ తేడా దాదాపు 8 నిమిషాలు. వెయ్యి చక్రాలకు 8 నిమిషాలంటే చక్రానికి అర సెకను. నేను కనిపెట్టింది నక్షత్రాన్ని కాదు, మన భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న సంగతిని. కాబట్టి ప్రతి సమయాన్నీ సూర్యుడి దగ్గర నిలబడి చూసినట్టుగా సవరించాకే లెక్కలోకి దిగు. ఈ సవరణ చేసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి, ఒక బటన్ పని. నిజానికి దీని పీరియడ్ దశాబ్దాల మీద రవ్వంత మారుతుంది కూడా, కనిపించని తోడు ఒకటి చుట్టూ తిరుగుతోందేమో అని కొందరి అనుమానం, కానీ అది ఒక్క సీజన్‌లో నీకు గానీ నాకు గానీ దొరికేది కాదు.

పీరియడ్ నుంచి సాంద్రత ఎట్లా వస్తుంది? కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్లు వేలితో తట్టి చూస్తారు కదా. లోపలికి తొంగి చూడకుండానే శబ్దాన్ని బట్టి గట్టిదా, పగులుందా చెప్పేస్తారు. నక్షత్రం ఉబ్బి తగ్గడం కూడా లోపల శబ్ద తరంగం కదలడమే. పదార్థం దగ్గరగా కుక్కి ఉంటే గురుత్వాకర్షణ గట్టిగా వెనక్కి లాగుతుంది, గబగబా కొట్టుకుంటుంది. వదులుగా ఉంటే నెమ్మది. లెక్కలో చెప్పాలంటే పీరియడ్‌ని సాంద్రత వర్గమూలంతో గుణిస్తే ఒక జాతి నక్షత్రాలన్నింటికీ దాదాపు ఒకే సంఖ్య వస్తుంది. మన నక్షత్రం జాతికి ఆ సంఖ్య, సూర్యుడి సాంద్రతను 1 అనుకుంటే, 0.033 రోజులు. అంటే సూర్యుడంత సాంద్రత ఉంటే 48 నిమిషాల్లో కొట్టుకునేది. మనది 88 తీసుకుంటోంది, 1.85 రెట్లు నెమ్మది. దాని వర్గం 3.4. అంటే సాంద్రత సూర్యుడిలో 3.4వ వంతు. సూర్యుడి సగటు సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.41 గ్రాములు కాబట్టి మనకొచ్చేది 0.41 గ్రాములు. నీళ్ల కంటే తేలిక, టేకు కర్ర కంటే కూడా తేలిక! డాబా మీద కూర్చొని గడియారం చూసి ఒక నక్షత్రం మీద తేల్చగలిగిన ఈ సంఖ్యంటే నాకు ఇప్పటికీ మోజే. సగటు అని గుర్తుంచుకో, నడిమధ్యలో మాత్రం చాలా చిక్కగా ఉంటుంది.

ఒక మెలిక ఉంది. ఆ 0.033 అన్నది నక్షత్రం మొత్తం ఒక్కసారిగా ఉబ్బి ఒక్కసారిగా తగ్గే పద్ధతికే. మధ్యలో ఒక పొర కదలకుండా ఉండి, దాని లోపలిదీ బయటిదీ ఎదురెదురుగా కదిలే పద్ధతైతే సంఖ్య 0.025 చుట్టూ ఉంటుంది, అప్పుడు సాంద్రత దాదాపు సగానికి పడిపోతుంది. ఏదో ఎట్లా తెలుస్తుంది? వెలుగు మార్పు ఇంత పెద్దగా, గ్రాఫ్ ఇంత కోసుగా ఉంటే సాధారణంగా మొదటిదే. కొన్ని నక్షత్రాల్లో రెండూ కలిసి మోగుతాయి, అప్పుడు రెండు పీరియడ్ల నిష్పత్తి 0.77, 0.78 మధ్య పడుతుంది. ఈ జాతికి పేరిచ్చిన ఎస్‌ఎక్స్ ఫీనిసిస్ అట్లాంటిదే, 79 నిమిషాలది, దక్షిణాన కిందికి ఉంటుంది కానీ మన దగ్గర నుంచి 30 డిగ్రీల ఎత్తు దాటుతుంది, గుట్టలు అడ్డం లేకపోతే అది కూడా చూడు.

సైజు విషయానికొద్దాం. ఈ జాతి నక్షత్రాల ద్రవ్యరాశి సూర్యుడికి 1 నుంచి 1.3 రెట్ల మధ్య ఉంటుందని ఇతరుల పరిశోధనల నుంచి తెలుసు. ఇదే నేను చెప్పిన అరువు సమాచారం. సాంద్రత మన దగ్గరుంది, ద్రవ్యరాశి 1 అనుకుంటే వ్యాసార్ధం సూర్యుడికి 1.51 రెట్లు, 1.3 అనుకుంటే 1.64 రెట్లు. చూశావా, ద్రవ్యరాశిలో 30 శాతం తేడా వచ్చినా వ్యాసార్ధంలో 9 శాతమే. ఘనమూలం మన పక్షాన ఉంది.

వేడి దగ్గర మన అదృష్టం అయిపోతుంది. సగటున 7500 నుంచి 8000 కెల్విన్, సూర్యుడి ఉపరితలం 5770 అని నీకు తెలుసు. రంగు నుంచి అంచనా వేయొచ్చు గానీ డీఎస్‌ఎల్‌ఆర్ రంగులు అంత నికార్సైనవి కావు, దారిలో ఉన్న ధూళి కూడా ఎరుపు కలుపుతుంది. కాంతి మొత్తం ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి 7500కీ 8000కీ మధ్య ఉన్న ఆ చిన్న తేడానే కాంతిలో 30 శాతం అవుతుంది. నా లెక్కలో సూర్యుడికి ఆరున్నర నుంచి 10 రెట్ల కాంతి వస్తుంది. అక్కడి నుంచి దూరం తీస్తే 1500 కాంతి సంవత్సరాల దరిదాపు. గయా ఉపగ్రహం కొలిచిన పారలాక్స్ (చూసే చోటు మారితే నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం, దాన్నుంచి దూరం వస్తుంది) నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, నీ లెక్క పూర్తయ్యాకే తీసి పోల్చుకో, ముందే చూస్తే చెయ్యి అటు వంగుతుంది. అన్నట్టు 1500 ఏళ్ల కిందటంటే మన ప్రాంతంలో విష్ణుకుండినుల కాలం, తుమ్మలగూడెంలో దొరికిన వాళ్ల రాగి రేకుల మీద అక్షరాలు చెక్కిన రోజులకు అటూఇటూగా బయల్దేరిన వెలుగు నీ కెమెరాలో పడింది.

వెలుగు ఎందుకు మారుతుందన్నది నువ్వు అడగలేదు, కానీ నీ ప్రశ్నలో "ఉబ్బినప్పుడు పెద్దది కాబట్టి వెలుగు ఎక్కువ కదా" అని ఒక మాట ఉంది, అది తప్పు. వెలుగు దాదాపు రెట్టింపవుతోంది, అది సైజు వల్లే అయితే వ్యాసార్ధం 40 శాతం పెరగాలి. పెరిగేది కొద్ది శాతమే. అసలు పని వేడిది, వెయ్యి డిగ్రీలకు పైగా ఊగుతుంది. ఇంకా తమాషా ఏమిటంటే నక్షత్రం ఎక్కువ వెలిగేది అతి చిన్నగా కుంచించుకున్న క్షణం దాటి, మళ్లీ వేగంగా ఉబ్బుతున్నప్పుడు. అన్నిటికంటే పెద్దగా ఉండేది వెలుగు దిగిపోతున్న సమయంలో.

దీన్ని నడిపించే ఇంజను హీలియం. ఎసరు మీద మూత ఊహించుకో, ఆవిరి కూడుకొని మూతను లేపుతుంది, లేవగానే ఆవిరి పోతుంది, మూత పడుతుంది, మళ్లీ మొదలు. నక్షత్రంలో ఆ మూత పైన ఉండదు, కాస్త లోపల, వేడి 40 వేల కెల్విన్ దాటే పొరలో ఉంటుంది. పొర నొక్కుకున్నప్పుడు హీలియం పరమాణువు తన రెండో ఎలక్ట్రాన్‌ని కూడా పోగొట్టుకుంటుంది, ఆ పొర వెలుగుకు అడ్డుగోడలా మారి లోపలి నుంచి వచ్చే వేడిని పట్టి ఉంచుతుంది. ఒత్తిడి పెరిగి పైపొరలను తోస్తుంది. అవి ఉబ్బగానే పొర చల్లబడి ఎలక్ట్రాన్ తిరిగి చేరుతుంది, గోడ పలచబడి వేడి బయటపడుతుంది, పైపొరలు వెనక్కి కూలతాయి. ఇట్లా రోజుకు 16 సార్లకు పైగా. సూర్యుడిలోనూ హీలియం ఉంది మరి అని అడుగుతావేమో, ఉంది, కానీ అక్కడ ఆ పొర మరీ లోతుగా ఉంది, పైగా వేడిని మోసేది ఎక్కువగా మరిగే వాయువే, అందుకని మూత పని చేయదు.

ద్రవ్యరాశి ఎందుకు రాదన్నాను? గ్రాఫ్ నుంచి వచ్చేది ద్రవ్యరాశిని వ్యాసార్ధం ఘనంతో భాగించిన సంఖ్య ఒక్కటే, రెండు తెలియనివి ఉంటే ఒక్క సమీకరణం చాలదు. స్పెక్ట్రమ్ తీస్తే, అంటే వెలుగును రంగులుగా విడగొట్టి చూస్తే, ఉపరితల గురుత్వం వస్తుంది, అది ద్రవ్యరాశిని వ్యాసార్ధం వర్గంతో భాగించినది, రెండో సమీకరణం దొరికినట్టే అని మనకు ఆశ పుడుతుంది. నేనూ ఒకప్పుడు క్లాసులో అట్లాగే చెప్పా. కాగితం మీద చేసి చూడు, ద్రవ్యరాశి గురుత్వానికి మూడో ఘాతంలో పోతుంది. గురుత్వం 25 శాతం తప్పు రావడం స్పెక్ట్రమ్‌లో మామూలు, 1.25ని మూడుసార్లు గుణిస్తే దాదాపు 2. అంటే ద్రవ్యరాశి రెట్టింపు తప్పు. 1 నుంచి 1.3 అని ముందే తెలిసిన దానికి 1 నుంచి 2 అని జవాబు తెచ్చుకోవడమెందుకు? అందుకే పెద్దవాళ్లు కూడా నక్షత్ర నమూనాలతో పోల్చే చెప్తారు. ఈ జాతి నక్షత్రాల్లో లోహాలు (ఖగోళ భాషలో హైడ్రోజన్, హీలియం కాక మిగతా మూలకాలన్నీ) చాలా తక్కువ, పాత తరానివి, ఈపాటికి ముసలివై ఎర్రబడాల్సింది పోయి నీలంగా కుర్రగా కనిపిస్తాయి. రెండు నక్షత్రాలు కలిసిపోయో, పక్కదాని పదార్థం లాక్కునో ఇట్లా అయ్యాయని ఎక్కువమంది అభిప్రాయం.

కొలిచే పద్ధతిలో రెండు మూడు మాటలు. ఎక్స్‌పోజర్ 30 సెకన్లు చాలు, నిమిషం దాటితే శిఖరం మొద్దుబారుతుంది. ఫోకస్ రవ్వంత వదులు చెయ్యి. ఆకుపచ్చ ఛానెల్‌నే కొలతకు వాడు. పోలిక నక్షత్రం, అంటే మన నక్షత్రం వెలుగును పోల్చి చూసే నిలకడైన చుక్క, రంగులో మన నక్షత్రానికి దగ్గరగా ఉండాలి. నేనొకసారి పక్కనే బాగా వెలిగే ఎర్ర నక్షత్రం ఉందని అదే పెట్టుకున్నా, పడమటికి దిగేకొద్దీ గ్రాఫ్ మొత్తం ఒక వైపుకు ఒరిగింది. గాలి పొర మందమయ్యేకొద్దీ నీలాన్ని ఎక్కువ తింటుంది, ఎరుపును తక్కువ, అదీ సంగతి. పోలికకు ఒకటి, ఆ పోలిక నక్షత్రం నిలకడగా ఉందో లేదో చూడటానికి ఇంకొకటి పెట్టుకో. అమెరికాలోని ఏఏవీఎస్‌ఓ (వెలుగు మారే నక్షత్రాలను గమనించేవాళ్ల సంఘం) వాళ్ల సైట్‌లో ఈ నక్షత్రానికి మ్యాప్ తీసుకోవచ్చు, ఆ సంస్థ 1911 నుంచి ఇదే పనిలో ఉంది, నీ కొలతలు కూడా అక్కడ జమ చేయొచ్చు.

పెద్ద అబ్జర్వేటరీల పనా అన్నావు. మన పక్కనే జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోప్ ఉంది, వేరియబుల్, అంటే వెలుగు మారే నక్షత్రాల మీద అక్కడ చాలా పని జరిగింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం అప్పుడు దాని పేరు మా బళ్లో అందరి నోటా విన్నా, ఆ రోజు మా ఇంట్లో తలుపులన్నీ మూసి నన్ను మంచం కింద కూర్చోబెట్టారు, ఆ కసి ఇప్పటికీ తీరలేదు. కానీ ఇట్లాంటి నక్షత్రానికి ఏళ్ల తరబడి శిఖరాల సమయాలు రాసిపెట్టేది ఎక్కువగా మనలాంటి డాబా వాళ్లే. పెద్ద టెలిస్కోప్ ఒక రాత్రి దొరకడమే గగనం, డాబా రోజూ దొరుకుతుంది.

చివరిగా ఫోన్ గడియారం. సరిపోతుంది, నెట్‌తో కలిసి నడుస్తుంటే. కానీ ఫొటోలో పడే సమయం కెమెరాది, ఫోన్‌ది కాదు, కెమెరా గడియారం రాత్రికి రెండు మూడు సెకన్లు కూడా జారొచ్చు. మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, ఆపేటప్పుడు ఒకసారి ఫోన్ స్క్రీన్ మీద సెకన్లు కనిపించేలా ఆ కెమెరాతోనే ఫొటో తీసి పెట్టుకో, తేడా తర్వాత సరిచేసుకోవచ్చు. ఇంకో సంగతి, ఫైల్లో పడే సమయం షట్టర్ తెరిచినదా మూసినదా చూసుకొని ఎక్స్‌పోజర్ నడిమి సమయానికి మార్చు. నీ రెండు రాత్రుల కొలతలు, సమయం ఒక వరుసలో, మాగ్నిట్యూడ్ ఒక వరుసలో, మామూలు టెక్స్ట్ ఫైలుగా ఇక్కడే పెట్టు, సవరణ చేయకముందువి కూడా పెట్టు, నేను వేరుగా లెక్కేసి నీ దానితో కలుస్తుందో లేదో చెప్తా.